ఒక పార్కు కోసం మూడు చక్రాల మీద

బందరు వెళ్ళొచ్చానంటే మా ఇంట్లో అందరూ ముందు అడిగింది లడ్డూ తెచ్చావా అని. తెచ్చాను. డబ్బాలో సగం రైల్లోనే ఖాళీ అయిందని మాత్రం చెప్పలేదు. అసలు ఎందుకు వెళ్ళావు అన్నప్పుడు, పార్కులు చూడటానికి అన్నాను. ఎవరూ నమ్మలేదు. హైదరాబాదులో ఉంటూ పార్కు చూడటానికి బందరు వెళ్ళేవాణ్ణి వాళ్ళు ఇంతవరకు చూడలేదు.

నేను పార్కుల ప్లాన్లు గీస్తాను. అదే నా ఉద్యోగం. పుట్టింది అనంతపురం జిల్లాలో, కాబట్టి కృష్ణా జిల్లా అంటే నా మనసులో నీళ్ళు తప్ప మరేమీ లేవు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ చేరని రోజులవి. దివిసీమలో ఒక ఊరి నుంచి సుభద్రమ్మ గారనే రిటైరైన హిందీ టీచరు మా ఆఫీసుకు ఉత్తరం రాశారు. తన అరెకరం స్థలం ఊరికి ఇచ్చేశానని, అందులో పిల్లలూ, ఆడుకోవాలనిపించిన పెద్దలూ, ఎవరూ బయట మిగిలిపోకుండా ఆడుకునే పార్కు కావాలని రాశారు. నేను వారం రోజులు కూర్చుని మంచి ప్లాను గీశాను. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ పచ్చిక, అంచున క్రోటన్లు. గీశానని జవాబు రాస్తే ఆవిడ దగ్గర నుంచి కార్డు వచ్చింది.

"గీసినది గొట్టంలోనే ఉంచండి. ముందు మా రత్నకుమారితో కలిసి బందరు, గుడివాడ పార్కులు చూసి రండి. తర్వాత తెరవండి."

ఆ ఊరి పేరు రాయొద్దని పంచాయతీ ప్రెసిడెంటు గారు అడిగారు. తప్పకుండా రాయమని రత్నకుమారి గారు అడిగారు. వయసులో పెద్దాయన కదా అని ప్రెసిడెంటు గారి మాటే నిలబెడుతున్నాను.

బందరు

టికెట్టు మీద మచిలీపట్నం, మనుషుల నోట బందరు. తెల్లవారేసరికి రైలు దిగాను. దిగీ దిగకముందే చొక్కా ఒంటికి అతుక్కుంది. మా అనంతపురం ఎండ కాలుస్తుంది గానీ తడపదు. ఇక్కడి ఎండ ముందు తడిపి, తర్వాత ఉడికిస్తుంది.

స్టేషను బయట ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. ట్రాలీలో చేత్తో తిప్పే మూడు చక్రాల బండి తాళ్ళతో కట్టి ఉంది. ఆ బండిలో గొడుగు వేసుకుని, ఉత్సవ విగ్రహంలాగా ఒకావిడ కూర్చుని ఉన్నారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆవిడే రత్నకుమారి గారు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి కాళ్ళు పనిచెయ్యవు. ఊళ్ళో ఎస్టీడీ ఫోను బూతు నడుపుతారు. ఆటో నడిపేది నాంచారయ్య. యాభై దాటిన మనిషి, ఆటోలో డ్రైవరు సీటుకి అటూ ఇటూ పొంగిపొర్లుతూ ఉంటాడు.

నా చేతిలోని అట్టగొట్టం చూసి నాంచారయ్య, "సన్నాయి మేళమా అండీ? ఎవరింట్లో పెళ్ళి?" అన్నాడు.

"ఇందులో పార్కు ఉందండీ" అన్నాను.

"చుట్ట చుట్టే పార్కా!" అని గొట్టాన్ని భక్తిగా అందుకుని సీటు వెనక పెట్టాడు. "రండి బావగారూ, కూర్చోండి."

ఇక్కడ పరిచయమైన అయిదు నిమిషాలకే మనిషి ఏదో ఒక చుట్టమైపోతాడు. మా వైపు కనీసం ఒక పూట పడుతుంది. దారిలో నాంచారయ్య వెనక్కి తిరిగి, "చెల్లెమ్మా, గొడుగు జాగ్రత్త, గాలి" అన్నాడు. వెనక నుంచి రత్నకుమారి గారు గట్టిగా అన్నారు.

"అన్నయ్యా, నన్ను చెల్లెమ్మా అంటున్నావు, ఆయన్ని బావగారూ అంటున్నావు. లెక్క ఎక్కడ తేలుతుందో చూసుకో. మా ఆయన వింటే బాగుండదు."

నాంచారయ్య నాలుక కరుచుకున్నాడు. ఆ క్షణం నుంచి నేను మావయ్య గారినయ్యాను. నా కంటే పదిహేనేళ్ళు పెద్దవాడికి మావయ్యను కావడం కొత్తగానే ఉంది, కానీ బావ కంటే క్షేమం.

టిఫిను హోటలుకి మూడు మెట్లు ఉన్నాయి. నేను ఎక్కేశాను. ఎక్కాక వెనక్కి చూస్తే రత్నకుమారి గారి బండి రోడ్డు మీదే ఉంది. సర్వరు అలవాటుగా పెసరట్టు ప్లేటు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"మీరు లోపల తినండి ఇంజనీరు గారూ" అన్నారావిడ. "ఈ జిల్లాలో హోటళ్ళ బయటి గోడలన్నీ నాకు తెలుసు. లోపల ఎలా ఉంటుందో మాత్రం మీరు చెప్పాలి."

నేను ఇంజనీరుని కాదండీ అన్నాను. ఆ మాట మూడు రోజుల్లో ముప్పైసార్లు అని ఉంటాను, ఒక్కరూ వినలేదు. ప్లేటు తీసుకుని నేనూ బయటికే వచ్చాను. ఉప్మా పెసరట్టు ఎనిమిది రూపాయలు. అల్లప్పచ్చడి మాత్రం నేను బతికున్నంత కాలం మర్చిపోను. మా ఊళ్ళో పొద్దున ఉగ్గాణి తింటామని సర్వరుతో గొప్పగా చెప్పాను. అదేంటన్నాడు. బొరుగులు, అదే మీ మరమరాలు, నీళ్ళలో తడిపి తాలింపు పెడతామన్నాను. అతను జాలిగా చూసి, "జొరం తగిలినప్పుడా అండీ?" అన్నాడు.

పార్కు దగ్గర ఆటో ఆగింది. రెండు చెక్కలు ఆనించి నాంచారయ్య బండి దింపాడు. గేటు దగ్గర ఇనప గొట్టాలతో చేసిన తిరుగుడు గేటు. పశువులు లోపలికి రాకుండా పెడతారే, ఒక్కొక్క మనిషే ఇరుక్కుని తిరిగి వెళ్ళాలి, అది. రత్నకుమారి గారి బండి అందులో పట్టడం కల్ల. లోపల, గేటుకి ఇరవై గజాల దూరంలో, ఒక గేదె ప్రశాంతంగా పచ్చిక మేస్తోంది.

"అదెలా వచ్చింది?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"గేటు ఇటుంది కదండీ. గేదె అటు నుంచి వచ్చుద్ది. అటు గోడ పడిపోయింది."

"అయితే నేనూ గేదె దారినే వస్తాను" అన్నారు రత్నకుమారి గారు, బండి తిప్పేసి.

గోడ చుట్టూ తిరిగి, పడిపోయిన చోట ఇటుకలు పక్కకి జరిపి, ముగ్గురం లోపలికి వెళ్ళాం. గేదె తల ఎత్తి చూసి, మావాళ్ళే అన్నట్టు మళ్ళీ మేతలో పడింది. లోపల కాలిబాటకి రెండు వైపులా జానెడు ఎత్తున సిమెంటు గట్టు ఉంది. దాంతో ఆవిడ బాట మీదికి వెళ్ళలేరు, బాట మీదుంటే ఉయ్యాల దగ్గరికి వెళ్ళలేరు. ఆవిడ ఒక నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నారు.

ఇంతలో నాంచారయ్య కనపడలేదు. చూస్తే జారుడుబల్ల మెట్లెక్కుతున్నాడు.

"మా చిన్నప్పుడు ఊళ్ళో ఇది లేదు మావయ్య గారూ!" అని అరిచి జారాడు. సగం దూరమే జారాడు. పిల్లల కోసం కట్టిన బల్లలో నడుము దగ్గర బిగుసుకుపోయాడు. వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చి, పన్నెండేళ్ళు దాటినవారు ఎక్కరాదన్న బోర్డు చూపించాడు.

"చదివాను బాబూ, ముందు లాగు" అన్నాడు నాంచారయ్య.

నేనొక చెయ్యి, వాచ్‌మన్ ఒక చెయ్యి పట్టుకుని లాగితే ప్యాంటు చిరిగి బయటపడ్డాడు. ఇక ఆ రోజంతా బండి దింపడానికి తప్ప సీట్లోంచి దిగకుండా అందరితో మర్యాదగా మాట్లాడాడు.

రత్నకుమారి గారు నవ్వుతూ నవ్వుతూ అడిగారు: "మీ పార్కుకి గేటు ఎలాంటిది పెట్టారండీ?"

చూసి చెబుతానన్నాను. చూడక్కర్లేదు, నాకు గుర్తుంది. సరిగ్గా ఆ తిరుగుడు గేటే. హైదరాబాదులో నేను గీసిన మూడు పార్కులకీ అదే గేటు.

పెడన

బందరు నుంచి గుడివాడ దారిలో పెడన వస్తుంది. కలంకారీ అద్దకం చూస్తారా అని నాంచారయ్య అడిగాడు. నిజానికి కొత్త ప్యాంటు గుడ్డ కొనుక్కోవాలని అతని ఆలోచన. పెడనలో అద్దకం దుప్పట్లు తప్ప ప్యాంటు గుడ్డ దొరకదని రత్నకుమారి గారు తేల్చేసినా ఆపాడు.

ఒక పొడుగాటి షెడ్డులో బల్లల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చులు రంగులో ముంచి టపటపా అద్దుతున్నారు. ఒక మూలన గోనె పరుచుకుని డెబ్బై ఏళ్ళాయన ఒకరు అచ్చుల గుట్ట ముందు కూర్చుని, ఒక్కొక్కటి వేళ్ళతో తడిమి వేరు చేస్తున్నారు. పేరు వీరాస్వామి గారు. చూపు పోయి పదేళ్ళయిందట.

"ఎవరో పార్కు వారంట కదా. ఇటు రండి, కళ్ళు మూసుకోండి" అన్నారు. నా చేతిలో ఒక అచ్చు పెట్టారు. "ఏంటిది?"

వేళ్ళతో తడిమి, మామిడిపిందె అన్నాను.

"నెమలి. ఇదో?"

"ఆకు."

"ఏనుగు. ఇంత తొండం తగల్లేదా మీకు?"

షెడ్డులో అద్దకం ఆగిపోయింది. అందరూ నా చుట్టూ చేరారు. మూడోది గుర్రమన్నాను, అది పువ్వు. కళ్ళున్నవాళ్ళతో ఇదే ఇబ్బంది అని ఆయన తల ఊపారు. రత్నకుమారి గారికిస్తే ఆవిడ చిలకని చిలకే అన్నారు.

"మీరు మా ఊరి పార్కుకి వస్తే మీకేం కావాలండీ?" అని ఆవిడ అడిగారు.

"నాకేం ఉంటదమ్మా పార్కులో? తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెడతారు. కూర్చోడం మా ఇంట్లోనూ ఉంది."

అంచులు అరిగిపోయిన అచ్చులు అద్దకానికి పనికిరావు. పొయ్యిలోకి పోతాయి. అవి మాకివ్వండి, ఒక గోడకి వరసగా బిగిస్తాం, పిల్లలు కళ్ళు మూసుకుని ఆడుకుంటారు, మీరొస్తే వాళ్ళని ఓడిద్దురు గాని అన్నారు రత్నకుమారి గారు. ఆయన ముఖం ఒక్కసారి మెరిసింది. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి గోనెసంచి నిండా అచ్చులు తెప్పించారు. డబ్బు తీసుకోలేదు. ఆటో కదిలాక కూడా వెనక నుంచి వినిపించింది: "ఆ ఇంజనీరు గారికి ముందు ఏనుగు నేర్పించండమ్మా!"

గుడివాడ

గుడివాడ లాడ్జిలో గొట్టం తెరిచాను. తెరవొద్దన్నారని తెలుసు. ప్లాను మంచం మీద పరిచి, ఎర్ర పెన్సిలుతో గేటు కొట్టేశాను. బాట గట్టు కొట్టేశాను. బెంచీలు తక్కువ చేశాను. మిగిలింది చూస్తే ఫౌంటెను, క్రోటన్లు.

పొద్దున్నే ఆరింటికి పార్కుకి వెళ్ళాం. దీని గేటు మామూలు గేటే, బండి వెళ్ళింది. లోపల పదిహేనుమంది పెద్దవాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో తెల్ల బూట్లు వేసుకున్న పెద్దమనిషి చేతులు పైకెత్తి, "ఒకటి, రెండు, మూడు" అన్నారు. అందరూ ఒక్కసారి హహ్హహ్హా అని నవ్వి, ఒక్కసారే ఆపేశారు. ముఖాల్లో నవ్వు ఛాయ లేదు. అది నవ్వుల క్లబ్బు. ఆరోగ్యం కోసం రోజూ అరగంట నవ్వుతారట.

పక్కన ఆరుగురు పిల్లలు బొంగరాలు తిప్పుకుంటూ కేరింతలు కొడుతున్నారు. తెల్ల బూట్లాయన అటు తిరిగి ఉరిమి చూశారు.

"ఒరేయ్, గోల చెయ్యకండి! మేము నవ్వుకుంటున్నది కనపడటం లేదా?"

అది విని రత్నకుమారి గారికి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, బండి ఊగిపోయేంత నవ్వు. గొంతు పోయే నవ్వు. క్లబ్బు మొత్తం అటు తిరిగింది.

"అలా మధ్యలో నవ్వకూడదమ్మా" అన్నారాయన నొచ్చుకుని. "నేను మూడు అన్న తర్వాతే నవ్వాలి."

ఆ మాటతో నాంచారయ్య చెట్టు చాటుకి పారిపోయాడు. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. క్లబ్బులో ఒక పెద్దావిడ ముందు ఓడిపోయారు, పవిట చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆవిడని చూసి ఇంకొకరు. రెండు నిమిషాల్లో క్లబ్బంతా కూలిపోయింది. తెల్ల బూట్లాయన ఒకటి, రెండు అంటూనే ఉన్నారు.

ఆ పెద్దావిడ తర్వాత కళ్ళు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. పార్కు గీస్తున్నానని చెప్పి, ఏం ఉంటే బాగుంటుందండీ అని అడిగాను. ఆవిడ రత్నకుమారి గారి వైపు వంగి గుసగుసగా చెప్పి వెళ్ళిపోయారు.

"ఏమన్నారు?"

"ముందు బాత్రూం గియ్యమనండి అన్నారు. ఆడవాళ్ళం అరగంటకే ఇంటికి పరిగెత్తేది ఎందుకో ఆ గీసేవాళ్ళకి తెలీదు అన్నారు."

నాకు తెలీదు. పదకొండేళ్ళుగా గీస్తున్నాను. నా ప్లానులో ఫౌంటెను ఉంది, బాత్రూం లేదు. గొట్టాన్ని ఆటోలో అడుక్కి తోసేశాను.

పులిగడ్డ దాటాక

పామర్రు మీదుగా, కూచిపూడి, చల్లపల్లి దాటుకుంటూ వెళ్ళాం. నీళ్ళ దేశానికి వచ్చానని నేను కాలవల కోసం మెడ సాచి చూస్తుంటే అన్నీ అడుగులు తేలి కనిపించాయి. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తారట. మా ఊళ్ళో చెరువు ఎండితే మొహాలు వేలాడేస్తాం. ఇక్కడ రెండు నెలలు కాలవ ఎండితే, పిల్లలు అందులో దిగి క్రికెట్టు ఆడుతున్నారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. నేల చదును చూసి నాకు మతిపోయింది. మా వైపు కూర్చోవాలంటే బండరాయి, ఆనుకోవాలంటే గుట్ట. ఇక్కడ కనుచూపు మేర నేల మీద ఒక్క గూను లేదు. గులకరాయి కావాలన్నా లారీలో రావాల్సిందే.

సుభద్రమ్మ గారింట్లో భోజనం. గోంగూర రొయ్యలు, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు. నేను రాగిసంగటి తినేవాణ్ణని చెప్పగానే, ఆ పాపం కడిగేద్దామన్నట్టు మూడోసారి అన్నం వడ్డించారు. డెబ్బై దాటిన మనిషి. చిన్న నోరు, పెద్ద కళ్ళద్దాలు, ఎదుటివాడు తప్పు మాట్లాడితే దిద్దే చూపు.

"గొట్టం తెరిచారా?"

"తెరిచానండీ. మళ్ళీ మూసేశాను."

"మంచిది" అన్నారు. "పదండి, స్థలం చూద్దురు గాని. అక్కడ ఇంకో సంగతి ఉంది."

మట్టికుప్ప

స్థలంలో ఇరవై ట్రాక్టర్ల పూడిక మట్టి కుప్పగా పోసి ఉంది. పక్కన స్లాబు వేసేటప్పుడు వాడే సెంట్రింగు రేకులు దొంతరగా ఉన్నాయి. ప్రెసిడెంటు గారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తియ్యటి మాట.

"రండి ఇంజనీరు గారూ. మెరక తోలిస్తున్నాం. కల్యాణమండపం కడదామని ఊరి ఆలోచన."

"పార్కుకి కదండీ టీచరు గారు ఇచ్చింది?"

"కాగితంలో 'గ్రామ ప్రజల వినోదార్థం' అని రాశారు. పెళ్ళికి మించిన వినోదం ఏముందండీ? భోజనం కూడా ఉంటది."

సుభద్రమ్మ గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. హిందీలో రాసుంటే ఈ గొడవ ఉండేది కాదని నాతో మెల్లగా అన్నారు. ప్రెసిడెంటు గారు చెడ్డమనిషేమీ కాదు. పార్కు అంటే ఆయన కళ్ళ ముందు కదిలేది ఫౌంటెను, క్రోటన్లు, గడ్డి తొక్కరాదన్న బోర్డు. దానికి అరెకరం ఎందుకు తగలెయ్యాలని ఆయన బాధ. నా గొట్టంలో ఉన్నదీ అదే. మర్నాడు పొద్దున ఏడింటికి, ఎండ ముదరక ముందే ఊరి పెద్దలు స్థలంలోనే కూర్చుని తేల్చేస్తారన్నారు.

మేము మాట్లాడుతుంటే పాతికమంది పిల్లలు ఆ మట్టికుప్ప మీదికి ఎక్కుతూ దొర్లుతూ ఉన్నారు. అరిచి దింపితే మళ్ళీ ఎక్కుతున్నారు. పార్కులో ఏం కావాలని రత్నకుమారి గారు వాళ్ళని అడిగారు. ఉయ్యాల అంటారనుకున్నాను.

"కొండ!" అన్నారందరూ.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో కొండని ఎవరైనా తీసుకెళ్తానంటే చేతిఖర్చు కూడా ఇస్తాం.

"నవ్వకండి" అన్నారు సుభద్రమ్మ గారు. "ఈ పిల్లలకి ఎత్తు అంటే తెలీదు. ఎత్తు విలువ మాకు తెలుసు. ఉప్పెనప్పుడు బడి మిట్ట మీదికి చేరినవాళ్ళం మిగిలాం. నా తరగతిలో నలభై ఇద్దరుండేవాళ్ళు. బడి మళ్ళీ తెరిచాక పంతొమ్మిదిమందికి హాజరు వేశాను."

ప్రెసిడెంటు గారు గొడుగు దించేశారు. ఆవిడే మళ్ళీ, "ఆ మిట్ట రోడ్డు కోసం తవ్వేశారు. పిల్లలు అడిగింది ఏమంత తప్పు కాదు" అన్నారు.

రత్నకుమారి గారు మట్టికుప్ప వంక చూస్తున్నారు. "దీని మీదికి నా బండి ఎక్కుతుందా?" అని అడిగారు నన్ను.

ఎక్కుతుందన్నాను. లెక్క చూసుకోకుండా అన్నాను. నాంచారయ్య, నేను కుప్పకి ఒక వైపు పారలతో చదును చేసి రేకులు పరిచాం. ఆవిడ చేతులతో తిప్పుతుంటే వెనక నుంచి నేను తోశాను. మూడు గజాలు ఎక్కాం. తర్వాత బండి ఆగింది. ఆ తర్వాత వెనక్కి బయలుదేరింది. నా చెప్పు రేకు మీద జారింది. నేను పూడికలో పడ్డాను, నా మీద బండి, బండిలో ఆవిడ. పైన ఎండినట్టున్నా ఆ మట్టి లోపల పచ్చి బురద. నడుము దాకా దిగిపోయాను.

"దెబ్బ తగిలిందా అండీ?" అని కంగారుగా అడిగాను.

"నాకెందుకు తగులుతుందీ? మెత్తగా మీరున్నారుగా" అన్నారావిడ.

నాంచారయ్య బండి తీసి, ఆనక నన్ను రెండు చేతులూ పట్టి లాగాడు. జారుడుబల్ల బాకీ తీరిపోయిందన్నాడు.

బావి దగ్గర ఒళ్ళు కడుక్కుంటూ లెక్క వేశాను. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల దారి ఉంటే చేతిబండి సులువుగా ఎక్కుతుంది. ఆరడుగుల మిట్టకి డెబ్బైరెండడుగులు. నేరుగా కాదు, కుప్ప చుట్టూ చుట్టాలి. చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, బురదలో పడితే గానీ గుర్తు రాలేదు.

పొద్దున ఏడింటికి

మట్టి తోలిన ట్రాక్టరు డ్రైవరు నాంచారయ్యకి నిజంగానే బావ. వెలుగు రాగానే ట్రాక్టరు వచ్చింది. వెనక బ్లేడుతో కుప్పని వెడల్పుగా పరిచి, టైర్లతో తొక్కించి, చుట్టూ నత్తగుల్లలాగా దారి చేశాం. కల్యాణమండపం రేకులన్నీ దాని మీద పరిచాం. పిల్లలు అంచుల వెంట సున్నంతో గీత గీశారు.

పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు తన రేకుల్ని చూసి ఏదో అనబోయారు. సుభద్రమ్మ గారు వేలెత్తారు. ఆయన ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, ఆగిపోయారు.

నేను గొట్టం తెరవలేదు. గేటు ఎంత వెడల్పు ఉండాలో, బాత్రూం ఎక్కడుండాలో, వీరాస్వామి గారి అచ్చుల గోడ ఎక్కడొస్తుందో నేల మీద నడిచి చూపించాను. సంచిలోంచి ఒక అచ్చు తీసి కళ్ళు మూసుకోమంటే ప్రెసిడెంటు గారు మామిడిపిందె అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. మిట్ట దేనికంటాను" అన్నారాయన.

రత్నకుమారి గారు బండి తిప్పి సున్నం గీతల మధ్యకి వచ్చారు. నేను తోయడానికి వెనక్కి వెళ్ళబోతే, వద్దని చెయ్యి ఊపారు. రేకులు టకటకా చప్పుడు చేశాయి. ఒక చుట్టు తిరిగారు. సగంలో ఆగి ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ తిప్పారు. నిన్న నా మాట నమ్మే ఆవిడ బురదలో పడ్డారు.

బండి పైకి చేరింది. ఆవిడ బ్రేకు వేసి, నెమ్మదిగా తల తిప్పి చూశారు. కింద మేమందరం తలలెత్తి నిలబడ్డాం. ఆవిడ బూతు రోడ్డుకి అవతల, ప్రెసిడెంటు గారి మేడమెట్లని ఆనుకుని ఉన్న చిన్న స్లాబు గది. ఆవిడ చూపు అక్కడ ఆగింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అని సుభద్రమ్మ గారు పిలిచారు.

"మా బూతు కప్పు కనిపిస్తోంది టీచరు గారూ!" ఆవిడ గొంతు పెద్దదైంది. "నా కప్పు మీద ఎవరో గుమ్మడి వడియాలు పెట్టారండీ! చాప నిండా! ఎన్నేళ్ళ నుంచి జరుగుతోందీ పని?"

జనం గుంపులో కదలిక. ప్రెసిడెంటు గారి భార్య తల దించుకుని, మెల్లగా వెనక వరసలోకి జరుగుతున్నారు.

"మీరేనా పిన్నిగారూ?"

"మెట్ల పక్కనే ఉంది కదా అని అమ్మా... ఎండ బాగా తగులుద్దని..."

"పెట్టుకోండి, నేనేం అన్నాను? ఒక్కసారైనా నాలుగు చేతిలో పెట్టారా?"

ప్రెసిడెంటు గారు ముందు భార్య వైపు, తర్వాత మిట్ట వైపు చూశారు. ఏమనుకున్నారో, చెప్పులు విడిచి రేకుల మీద నడిచి పైకెళ్ళారు. బండి పక్కన నిలబడి తన ఇంటి డాబాని, బడిని, ఎండిన కాలవని, దూరంగా తాటితోపులకి అవతల ఎక్కడో సన్నగా మెరిసే నీళ్ళని చూస్తూ ఉండిపోయారు. తర్వాత కుర్చీలోంచి ఒక ముసలాయన లేచారు. ఆయన వెనక ఇంకొకరు. కాసేపటికి కింద కుర్చీలన్నీ ఖాళీ. ఎవరి కప్పు మీద ఏముందో చూడటానికి ఊరంతా వరస కట్టింది. నాంచారయ్య నాలుగోసారి ఎక్కుతున్నాడు.

"పెళ్ళిళ్ళు బళ్ళో చేసుకోవచ్చు లెండి, సెలవుల్లో" అన్నారు ప్రెసిడెంటు గారు పైనుంచే. సమావేశం అయిపోయిందని నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

ఇప్పుడు ఆ మిట్ట మీద గడ్డి ఉంది, దారికి గట్టి నేల ఉంది. పెద్దవాళ్ళు పట్టేంత వెడల్పు జారుడుబల్ల ఒకటి ఉంది. ఫౌంటెను లేదు. కానీ ఆ రోజు పొద్దున అవేవీ లేవు. రేకులూ, సున్నమూ, పూడిక మట్టీ అంతే.

నా బస్సు టైమయింది. అందరూ దిగిపోయారు. రత్నకుమారి గారు మాత్రం గొడుగు తెరుచుకుని అక్కడే ఉన్నారు. ఎండ ముదురుతోందండీ, దిగండి అన్నాను. చూద్దాం లెండి అన్నారు. రోడ్డుకి అవతల బూతు ముందు ఇద్దరు ముగ్గురు చేరారు. అందులో ఒకాయన నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"రత్నక్కా! అర్జెంటుగా ఫోను చేసుకోవాలి, వస్తావా?"

ఆవిడ కదల్లేదు.

"తలుపు తీసే ఉంది, చేసుకో!" అని అరిచారు. "నేను ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా!"